సరిహద్దు దగ్గర పూచీ: వ్యాపార ప్రయాణ కార్డులపై ఒక సమీక్ష

వ్యాపారం నిమిత్తం పరదేశం వెళ్లే వ్యక్తి రెండు వేర్వేరు గడపలు దాటవలసి ఉంటుంది. మొదటిది అనుమతి గడప; ప్రయాణానికి వారాల ముందే ఆ దేశపు కాన్సులేటుకు పత్రాలు సమర్పించి, రుసుము కట్టి, అవసరమైతే ఇంటర్వ్యూకు హాజరై, పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడంతో అది ముగుస్తుంది. రెండవది ప్రవేశపు గడప. విమానం దిగిన తరువాత ఇమ్మిగ్రేషన్ కౌంటరు ముందు వరుసలో నిలబడి, అధికారి అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పి, వేలిముద్రలు ఇచ్చి, ముద్ర వేయించుకుని బయటపడటంతో అది ముగుస్తుంది. గత మూడు దశాబ్దాలుగా వివిధ ప్రభుత్వాలు జారీ చేస్తున్న ప్రయాణ కార్డులన్నీ ఈ రెండింటిలో ఒకదాన్నో, రెండింటినీనో తేలిక చేయడానికి పుట్టినవే అయినా, ఏ కార్డు ఏ గడపను తగ్గిస్తుందన్న విషయంలో ప్రయాణికుల్లోనే కాక పత్రికల్లో కూడా గందరగోళం కనిపిస్తుంది. వరుసను తగ్గించే కార్డు నిమిషాలను, మహా అయితే గంటను మిగులుస్తుంది. అనుమతిని ముందే తెచ్చిపెట్టే కార్డు వారాలను మిగులుస్తుంది. ఈ తేడాను దృష్టిలో పెట్టుకోకుండా ఈ వ్యవస్థల విలువ కట్టడం సాధ్యం కాదు.

రెండు గడపల వెనుకా ఉన్న ప్రశ్న మాత్రం ఒక్కటే. ఎన్నడూ చూడని మనిషి పని ముగించుకుని తిరిగి వెళ్తాడని, చెప్పిన పని తప్ప మరొకటి చేయడని ఎవరు పూచీ పడతారు? సరుకుల విషయంలో ఈ ప్రశ్నకు ప్రపంచం ఎప్పుడో జవాబు కనుక్కుంది. 1961లో బ్రస్సెల్స్‌లో కుదిరిన ఏటీఏ ఒప్పందం ప్రకారం, ప్రదర్శనకు తీసుకువెళ్లే నమూనాలను, వృత్తి పరికరాలను సుంకం కట్టకుండానే సరిహద్దు దాటించి, నిర్ణీత గడువులో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇందుకు వాడే పత్రాన్ని ఏటీఏ కార్నే అంటారు. సరుకు వెనక్కి రాకపోతే ఆ సుంకాన్ని, దానిపై పడే జరిమానాను పూచీ పడిన వాణిజ్య మండలి చెల్లించాలి. భారతదేశంలో ఆ బాధ్యతను వాణిజ్య మండలుల సమాఖ్య ఫిక్కీ వహిస్తోంది. సరుకు మీద పూచీ డబ్బు రూపంలో తేలుతుంది కాబట్టి లెక్క సులభం. మనిషి తిరిగి రాకపోతే ఎంత చెల్లించాలో, ఎవరు చెల్లించాలో నిర్ణయించగల మండలి ఎక్కడా లేదు. అందువల్ల మనుషుల విషయంలో ఆ పూచీని వారి వారి ప్రభుత్వాలే భుజానికెత్తుకోవలసి వచ్చింది.

ఇలాంటి ప్రభుత్వ పూచీ మొదట కుదిరింది వ్యాపారులకు కాదు, ఓడ కార్మికులకు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఐరోపాలో అధిక భాగంలో పాస్‌పోర్టు లేకుండానే ప్రయాణించడం సాధ్యమయ్యేది. యుద్ధకాలపు తనిఖీలు శాంతికాలంలోనూ కొనసాగాయి, 1920లో నానాజాతి సమితి పారిస్‌లో జరిపిన సమావేశం పాస్‌పోర్టుకు ఉమ్మడి నమూనాను సూచించింది. ఓడ ఏ రేవుకు చేరినా ఒకటి రెండు రోజులు నేల మీద అడుగుపెట్టవలసిన నావికుడు ప్రతి దేశానికీ వీసా తీసుకోవడం అసాధ్యం కాబట్టి, అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో నావికుల గుర్తింపు పత్రంపై 108వ ఒప్పందాన్ని, 2003లో దాని స్థానంలో జీవలక్షణ ఆధారాలతో కూడిన 185వ ఒప్పందాన్ని తెచ్చింది. జీవలక్షణ ఆధారాలు అంటే వేలిముద్రలు, ముఖం, కనుపాప వంటి, మనిషి నుంచి వేరు చేయలేని గుర్తులు. భారతదేశం 2015లో ఈ రెండవ ఒప్పందాన్ని ఆమోదించి, 2019లో ముఖ గుర్తింపుతో పనిచేసే నావికుల పత్రాన్ని ప్రారంభించింది. దానికి వివరాలు సేకరించే కేంద్రాల్లో విశాఖపట్నం ఒకటి. వ్యాపార ప్రయాణ కార్డుల చర్చలో ఈ పత్రాన్ని ఎవరూ ప్రస్తావించరు గాని, సొంత దేశం గుర్తింపు ధ్రువీకరిస్తే పరదేశం వీసా కోసం పట్టుబట్టకుండా రానివ్వడం అనే సూత్రానికి ఇదే పాత ఉదాహరణ.

ఆ సూత్రాన్ని వ్యాపారులకు అన్వయించిన వ్యవస్థల్లో విస్తృతమైనది ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార సంస్థకు చెందినది. అపెక్ అని పిలిచే ఈ సంస్థ 1989లో కాన్‌బెర్రాలో పుట్టింది. ఇప్పుడు అందులో 21 మంది సభ్యులున్నారు. హాంగ్‌కాంగ్, తైవాన్ కూడా సభ్యులు కావడం వల్ల సంస్థ తన పత్రాల్లో దేశాలు అన్న మాట వాడకుండా ఆర్థిక వ్యవస్థలు అన్న మాట వాడుతుంది. అపెక్ తీర్మానాలు సంధులు కావు. వాటిని పాటించమని ఒత్తిడి చేసే న్యాయస్థానం లేదు, ప్రతి సభ్యుడూ తనకు వీలైనంత మేరకు స్వచ్ఛందంగా అమలు చేస్తాడు. పైకి బలహీనతగా కనిపించే ఈ లక్షణమే ప్రయాణ కార్డు విషయంలో బలమైంది. సరిహద్దుపై అధికారాన్ని వదులుకోమని ఎవరినీ అడగకుండా, ఇష్టమున్నవారు చేరండి అన్న పద్ధతిలో 1997లో ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ మూడూ కలిసి ప్రయోగాత్మకంగా కార్డును మొదలుపెట్టగా, 1999లో అది శాశ్వత పథకమైంది, తరువాత ఒక్కొక్కరుగా మిగిలిన సభ్యులు చేరారు. నేడు 19 మంది పూర్తి భాగస్వాములు. అమెరికా, కెనడా మాత్రం పరిమిత భాగస్వాములుగా ఉన్నాయి.

కార్డు పనిచేసే తీరులోనే దాని కొత్తదనం ఉంది. దరఖాస్తుదారు పరదేశపు కాన్సులేటుకు కాక తన సొంత ప్రభుత్వానికే దరఖాస్తు చేసుకుంటాడు. ఆ ప్రభుత్వం అతను నిజంగా వ్యాపార వ్యవహారాల కోసం తరచుగా ప్రయాణించేవాడేనా, నేరచరిత్ర ఏమైనా ఉందా అని విచారించి, తృప్తి చెందితే అతని వివరాలను ఆస్ట్రేలియా నిర్వహించే ఉమ్మడి కంప్యూటరు వ్యవస్థలో చేరుస్తుంది. తక్కిన భాగస్వాములు ఒక్కొక్కరూ ఆ వివరాలను తమ దగ్గర ఉన్న నిషేధ జాబితాలతో పోల్చి, అభ్యంతరం లేకపోతే ముందస్తు అనుమతి నమోదు చేస్తారు. అనుమతి ఇచ్చిన వారి సంకేతాక్షరాలు కార్డు వెనుక వైపు అచ్చవుతాయి. ఆ అక్షరాలున్న చోట్లకు వేరే వీసా అవసరం లేదు, ఒక్కో రాకకు సాధారణంగా 60 నుంచి 90 రోజుల దాకా ఉండవచ్చు, ప్రధాన విమానాశ్రయాల్లో ప్రత్యేక వరుసను ఉపయోగించుకోవచ్చు. ఒకే దరఖాస్తుతో, ఒకే విచారణతో, పద్దెనిమిది చోట్ల తలుపు తట్టినట్లయింది. అయినా పాస్‌పోర్టు వెంట ఉండి తీరాలి, రానివ్వాలా వద్దా అన్న తుది నిర్ణయం కౌంటరు దగ్గరి అధికారిదే. కాబట్టి ఈ కార్డు ఏ దేశపు సార్వభౌమాధికారాన్నీ తగ్గించలేదు. ప్రతి దేశమూ తన తనిఖీని తనే చేసుకుంటుంది, మారిందల్లా ఆ తనిఖీ జరిగే సమయం, దానికి ఆధారమైన మొదటి విచారణ చేసే చేయి.

అర్హత నియమాలు ఈ పూచీని ఎంత జాగ్రత్తగా కట్టారో తెలుపుతాయి. సరుకుల వర్తకం, సేవల వ్యాపారం, పెట్టుబడి, వీటికి సంబంధించిన పనులు చేసేవారికే కార్డు ఇస్తారు. వృత్తి క్రీడాకారులకు, కళాకారులకు, సంగీతకారులకు, విలేకరులకు ఇవ్వరు. భార్యాభర్తల్లో ఒకరికి కార్డు ఉంటే మరొకరికి అది వర్తించదు. ఉద్యోగం చేసే హక్కును కార్డు ఇవ్వదు. సమావేశానికి వెళ్లవచ్చు, ఒప్పందం కుదుర్చుకోవచ్చు, ఫ్యాక్టరీ చూడవచ్చు గాని అక్కడి సంస్థ నుంచి జీతం తీసుకునే పని చేయకూడదు. ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల ఒప్పందంలో నాలుగో విధానం అని పిలిచేది, అంటే సేవ అందించడానికి మనుషులే తాత్కాలికంగా మరో దేశానికి కదలడం, ఈ కార్డు పరిధికి చాలా వరకు బయటే ఉంది. తెలుగు ఐటీ నిపుణులకు చిరపరిచితమైన హెచ్1బీ వంటి ఉద్యోగ వీసాల ప్రపంచానికీ ఈ కార్డుకూ సంబంధం లేకపోవడానికి కారణం ఇదే. అర్హులను ఎంచే కొలబద్ద కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్ని సభ్య ప్రభుత్వాలు ఎగుమతుల విలువను, కొన్ని వాణిజ్య సంఘాల సిఫారసును అడుగుతాయి. ఫలితంగా ఒకే స్థాయి వ్యాపారి ఒకచోట అర్హుడై, పక్కచోట అనర్హుడు కావచ్చు.

అమెరికా విషయం విడిగా చూడదగినది, ఎందుకంటే రెండు గడపల తేడా అక్కడ స్పష్టంగా బయటపడింది. 2011 నవంబరులో హోనొలులులో అపెక్ నాయకుల సమావేశం జరిగిన సమయంలోనే ఆ కార్డు జారీకి వీలిచ్చే చట్టంపై అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకం చేశారు. 2014 జూన్‌లో జారీ మొదలైంది. గడువు పెట్టిన ఆ చట్టాన్ని 2017 నవంబరులో శాశ్వతం చేశారు. అయితే ఇతర సభ్యుల ముందస్తు అనుమతిని అమెరికా అంగీకరించలేదు, తానూ ఇవ్వదు. వీసా ఎవరికి అవసరమో, ఎవరికి అక్కరలేదో నిర్ణయించే అధికారం కాంగ్రెస్ చట్టాలది కాబట్టి, ఒక కార్డు ద్వారా ఆ నిర్ణయాన్ని దొడ్డిదారిన మార్చడానికి అక్కడి వ్యవస్థ ఒప్పుకోదు. అందువల్ల అమెరికా పౌరుడి చేతిలోని అపెక్ కార్డు వరుసను తగ్గిస్తుంది తప్ప వీసాను తప్పించదు. చైనా వెళ్లాలంటే అతను చైనా వీసా తీసుకోవలసిందే. అలాగే ఇతర సభ్యుల కార్డు పట్టుకుని అమెరికా వచ్చేవారికి విమానాశ్రయంలో వేగవంతమైన వరుస దొరుకుతుంది, వీసా మాత్రం విడిగా ఉండాలి. రెండు కార్డులూ చూడటానికి ఒకేలా ఉన్నా ఒకటి తాళంచెవి, మరొకటి వరుసలో ముందు చోటు మాత్రమే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగు వ్యాపారికి దొరికేది రెండవది; సింగపూర్‌లోనో సిడ్నీలోనో పౌరుడైన అతని బంధువుకు దొరికేది మొదటిది.

ఈ పథకం వల్ల ఎంత మేలు జరిగిందో కొలిచే ప్రయత్నాల్లో తరచుగా ఉదహరించేది అపెక్ విధాన సహాయక విభాగం 2011లో వెలువరించిన అధ్యయనం. 2010, 2011 సంవత్సరాల మార్చి-జులై నెలలను పోల్చి, కార్డుదారుల ప్రయాణ లావాదేవీ ఖర్చు 38 శాతం తగ్గిందని, మొత్తం ఆదా 37 లక్షల అమెరికన్ డాలర్లని అది లెక్క తేల్చింది. లావాదేవీ ఖర్చు అంటే ఇక్కడ వీసా రుసుములు, దరఖాస్తులకు పట్టే సమయం, కౌంటరు దగ్గర నిలబడే సమయం కలిపిన మొత్తం. శాతం ఘనంగా వినిపిస్తుంది. డాలర్ల మొత్తం మాత్రం ఆసియా-పసిఫిక్ వాణిజ్యం పరిమాణంతో పోల్చితే చాలా చిన్నది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన ఉంచి చూడటం అవసరం, ఎందుకంటే కార్డు ప్రయోజనం నిజమే అయినా అది కార్డు సంపాదించగలిగిన కొద్దిమందికి పరిమితమన్న సంగతి వాటి మధ్య వ్యత్యాసంలోనే తెలుస్తుంది. మరోవైపు, ఇలాంటి లెక్కలు కార్డు అసలు విలువను తక్కువ చేసి చూపుతాయన్న వాదనలోనూ బలం ఉంది. కొనుగోలుదారు సోమవారం ఫోను చేసి గురువారం రమ్మంటే వెళ్లగలిగిన వర్తకుడికి ఒప్పందం దక్కుతుంది. వీసా కోసం మూడు వారాలు ఆగవలసినవాడికి ఆ పిలుపే రాదు. రాని పిలుపును ఏ అధ్యయనమూ లెక్కించలేదు.

పథకంపై వచ్చిన విమర్శల్లో ప్రధానమైనది ఆలస్యం. ఒక్కొక్క సభ్యుడూ తన వేగంతో తను అనుమతి ఇస్తాడు కాబట్టి, నిదానంగా ఉండే ఒకరిద్దరి వల్ల మొత్తం కార్డు నెలల తరబడి ఆగిపోయేది; దీనికి విరుగుడుగా, అప్పటిదాకా అనుమతించిన వారి పేర్లతో మధ్యంతర కార్డు ఇచ్చే పద్ధతి తెచ్చారు. మూడేళ్లుగా ఉన్న కార్డు కాలపరిమితిని 2015 సెప్టెంబరు నుంచి ఐదేళ్లకు పెంచారు. కార్డు పాస్‌పోర్టు సంఖ్యకు ముడిపడి ఉండటంతో పాస్‌పోర్టు మారినప్పుడల్లా కార్డు కూడా మార్చవలసి రావడం మరొక ఇబ్బంది. ఇవన్నీ అచ్చు వేసిన ప్లాస్టిక్ ముక్కకు సహజమైన లోపాలు. 2021లో మొదలైన డిజిటల్ కార్డు వీటిలో చాలా వరకు తీర్చింది. మొబైల్ యాప్‌లో కనిపించే ఆ కార్డులో కొత్తగా అనుమతి ఇచ్చిన సభ్యుడి పేరు వెంటనే చేరుతుంది, రద్దు చేసిన పేరు వెంటనే పోతుంది. వర్తకుడికి ఇది సౌకర్యం, ప్రభుత్వానికి ఇది నియంత్రణ. చేతిలో ఐదేళ్లు ఉండవలసిన హామీ ఒక రాత్రిలో తెరమీద నుంచి మాయమయ్యే వీలు కూడా ఇందులోనే ఉంది. నిరాకరణకు కారణం చెప్పవలసిన బాధ్యత సభ్యులపై లేకపోవడం దీనికి తోడైనప్పుడు, ఎందుకు మాయమైందో తెలుసుకునే మార్గం దరఖాస్తుదారుకు దాదాపు ఉండదు. ఈ వ్యవస్థలో తక్షణం సరిదిద్దవలసిన లోపం ఇదేనని చెప్పాలి.

ఆ హామీ ఎంత సన్ననిదో కోవిడ్ కాలంలో తేలింది. 2020 మార్చి 28 నుంచి చైనా విదేశీయుల ప్రవేశాన్ని నిలిపివేసినప్పుడు అపెక్ కార్డుదారులను కూడా పేరుపెట్టి ఆ నిషేధంలో చేర్చింది. వారిని తిరిగి అనుమతించింది 2022 ఆగస్టులో. ఎన్నేళ్లుగానో విచారణలన్నీ దాటి వచ్చినవారికీ, మొదటిసారి వీసా అడిగినవారికీ ఆ రెండేళ్లలో తేడా లేకపోయింది. కార్డు హక్కు కాదని, సభ్య ప్రభుత్వం కొనసాగించినంత కాలం నిలిచే సౌకర్యమని పత్రాల్లో మొదటి నుంచీ ఉన్నా, చాలామంది కార్డుదారులకు అనుభవంలోకి వచ్చింది అప్పుడే.

దక్షిణాసియా అనుభవం మరింత చేదుగా ఉంటుంది. 1988లో ఇస్లామాబాద్ సార్క్ శిఖరాగ్ర సమావేశంలో నిర్ణయించి 1992లో అమలుచేసిన వీసా మినహాయింపు పథకం కింద న్యాయమూర్తులు, పార్లమెంటు సభ్యులు, ఉన్నతాధికారులు, వ్యాపారులు, పాత్రికేయులు, క్రీడాకారులు సహా 24 వర్గాల వారికి పాస్‌పోర్టులో ప్రత్యేక స్టిక్కరు అంటించి, ప్రాంతంలోని ఇతర దేశాలకు వీసా లేకుండా వెళ్లే వీలు కల్పించారు. కాలంలో ఇది అపెక్ కార్డు కన్నా ముందుది, పాత్రికేయులనూ క్రీడాకారులనూ చేర్చుకున్నందువల్ల ఉద్దేశంలో మరింత ఉదారమైనది. కాని అపెక్‌లో ఉన్నట్లు ప్రతి సభ్యుడూ దరఖాస్తును ముందుగా పరిశీలించే ఉమ్మడి యంత్రాంగం ఇక్కడ ఎదగలేదు, పథకం ఆసాంతం ప్రభుత్వాల మధ్య సంబంధాల ఎత్తుపల్లాలపై ఆధారపడింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత భారత ప్రభుత్వం పాకిస్తాన్ పౌరులకు ఈ పథకం కింద ఇచ్చిన వీసాలన్నింటినీ రద్దు చేసి, వాటిపై దేశంలో ఉన్నవారు 48 గంటల్లో వెళ్లిపోవాలని ఆదేశించింది. దాడి తీవ్రత ముందు ఆ నిర్ణయాన్ని తప్పు పట్టే వీలు లేకపోయినా, ఈ రకం పత్రాల బలమంతా ఇచ్చేవారి మధ్య ఉన్న నమ్మకంలోనే ఉందని, అది తెగినప్పుడు పత్రం ఒంటరిగా నిలబడలేదని ఈ ఉదంతం చూపుతుంది.

వరుసను మాత్రమే తగ్గించే వ్యవస్థల చరిత్ర అనుమతిని ఇచ్చే ఈ పథకాలకు సమాంతరంగా నడిచింది. 1993లో అమెరికా ఇన్‌స్పాస్ అనే ప్రయోగం మొదలుపెట్టింది. అరచేయి కొలతలు నమోదు చేసిన కార్డును యంత్రంలో పెట్టి, చేయి ఆనించి, అధికారితో పని లేకుండా లోపలికి పోవడం అందులోని ఆలోచన. మెక్సికో సరిహద్దులో 1995లో మొదలైన సెంట్రీ, కెనడా సరిహద్దులో 2002 నుంచి విస్తరించిన నెక్సస్, 2008లో విమానాశ్రయాల్లో ప్రయోగంగా మొదలై 2012లో శాశ్వతమైన గ్లోబల్ ఎంట్రీ ఆ వరుసలో వచ్చినవే. వీటన్నింటికీ కలిపి విశ్వసనీయ ప్రయాణికుల పథకాలు అని పేరు. ముందుగా నేపథ్య విచారణకు, ఇంటర్వ్యూకు సిద్ధపడినవారిని తక్కువ ప్రమాదం ఉన్నవారిగా లెక్కించి, అధికారుల శ్రద్ధను తక్కినవారిపై పెట్టడం వీటి తర్కం. 2017 జులై నుంచి భారత పౌరులకు కూడా గ్లోబల్ ఎంట్రీ తెరుచుకుంది. అమెరికా అధికారుల విచారణతో పాటు పాస్‌పోర్టు సేవా వ్యవస్థ ద్వారా భారత ప్రభుత్వ విచారణ కూడా పూర్తి కావాలి. రెండు ప్రభుత్వాలు కలిసి ఒక మనిషికి పూచీ పడే ఈ ఏర్పాటు, వరుస వరకే పరిమితమైనా, సూత్రంలో అపెక్ కార్డుకు దగ్గరిది.

ఆ నమ్మకానికి ఉన్న షరతులు కఠినమైనవి. కస్టమ్స్ నిబంధనను ఒక్కసారి ఉల్లంఘించినా సభ్యత్వం పోవచ్చు. వ్యవసాయ ఉత్పత్తుల నిబంధనలూ అందులో భాగమే కాబట్టి, నిమ్మజాతి చెట్లకు సోకే తెగులును మోసుకొస్తుందన్న కారణంగా అమెరికా నిషేధించిన పచ్చి కరివేపాకును ప్రకటించకుండా సామానులో తీసుకువెళ్లిన తెలుగు ప్రయాణికుడు కూడా ఆ పరిధిలోకే వస్తాడు. షరతులు ప్రయాణికుడి ప్రవర్తనకే పరిమితమైతే అభ్యంతరం ఉండనక్కరలేదు. కాని 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్ర నివాసులందరికీ గ్లోబల్ ఎంట్రీలో కొత్త సభ్యత్వాలను, పునరుద్ధరణలను కేంద్ర ప్రభుత్వం ఆపివేసింది. పత్రాలు లేని వలసదారులకూ డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర చట్టం విషయంలో వచ్చిన వివాదమే దానికి కారణం. అదే సంవత్సరం జులైలో, తాము కోర్టుకు చెప్పిన విషయాల్లో తప్పులున్నాయని ఒప్పుకుని ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. వ్యక్తిని చూసి ఇచ్చిన నమ్మకాన్ని అతని చిరునామాను చూసి తీసివేయడం ఈ వ్యవస్థల మూలసూత్రానికే విరుద్ధం.

భారతదేశం తన సొంత పథకాన్ని ఆలస్యంగా ప్రారంభించినా వేగంగా విస్తరించింది. ఫాస్ట్ ట్రాక్ ఇమ్మిగ్రేషన్ - ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్ పేరుతో కేంద్ర హోం శాఖ 2024 జూన్ 22న ఢిల్లీ విమానాశ్రయం మూడో టెర్మినల్‌లో దాన్ని మొదలుపెట్టింది. 2025 జనవరిలో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబై, కోల్‌కతా, కొచ్చి, అహ్మదాబాద్ విమానాశ్రయాలు చేరాయి. భారత పౌరులు, విదేశీ భారత పౌరసత్వ కార్డు, అంటే ఓసీఐ ఉన్నవారు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేయించుకుంటే, ఐదేళ్లు లేదా పాస్‌పోర్టు గడువు ముగిసేదాకా, ఏది ముందైతే అంతవరకు, శంషాబాద్‌లో ఇ-గేటు గుండా క్షణాల్లో బయటపడవచ్చు. దీన్ని డిజియాత్రతో కలిపి చూడటం పొరపాటు. 2022 చివర ప్రారంభమై హైదరాబాద్, విజయవాడ విమానాశ్రయాలకూ వచ్చిన డిజియాత్ర దేశీయ ప్రయాణంలో విమానం ఎక్కేదాకా జరిగే తనిఖీలకు సంబంధించినది, దానికి ఇమ్మిగ్రేషన్‌తో సంబంధం లేదు. ఓసీఐ కథ మరో విధంగా తెలుగు నేలతో ముడిపడి ఉంది. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ కార్డును ప్రారంభించారు. పేరులో పౌరసత్వం ఉన్నా అది నిజానికి జీవితకాలం చెల్లే ప్రవేశానుమతి. వ్యాపారం కోసం వచ్చే ప్రవాసాంధ్రుడికి అది అపెక్ కార్డు కన్నా ఎన్నో రెట్లు విశాలమైనది, ఎందుకంటే రోజుల పరిమితి లేదు, పనిచేసే హక్కు కూడా చాలా వరకు ఉంది.

ఇంత చేసినా భారతీయ వ్యాపారి తన దేశం నుంచి బయటికి వెళ్లేటప్పుడు ఎదుర్కొనే మొదటి గడప అలాగే మిగిలి ఉంది. ఇ-గేటు భారత గడ్డపై వరుసను తగ్గిస్తుంది. పరదేశపు అనుమతిని తేలేదు. భారతదేశం అపెక్ సభ్యదేశం కాదు. 1990లలో ఆసక్తి చూపినా, 1997లో సంస్థ కొత్త సభ్యులను చేర్చుకోవడాన్ని నిలిపివేసింది, ఆ తరువాతా తలుపు తెరుచుకోలేదు. ఇది తెలుగు ప్రాంతాలకు దూరపు విషయం కాదు. భీమవరం, నెల్లూరు ప్రాంతాల చెరువుల్లో పెరిగిన రొయ్యలకు ప్రధాన మార్కెట్లు అమెరికా, చైనా. జపాన్, వియత్నాం కూడా కొంటాయి. గుంటూరు మిర్చి చైనా, థాయ్‌లాండ్, వియత్నాం, మలేషియా, ఇండోనేషియాలకు వెళ్తుంది. ఈ దేశాలన్నీ అపెక్ సభ్యులే. కొనుగోలుదారుడితో ధర మాట్లాడటానికో, వెనక్కి వచ్చిన కంటైనరు వివాదం తేల్చుకోవడానికో వెళ్లవలసిన ఎగుమతిదారు చైనాకు ఒక వీసా, జపాన్‌కు మరొకటి, అమెరికాకు ఇంకొకటి తీసుకోవాలి. అదే సరుకు అమ్మే థాయ్ లేదా వియత్నాం పోటీదారు అపెక్ కార్డుతో చైనా, జపాన్ రెండింటికీ పిలిచిన వారంలోనే వెళ్లగలడు. సింగపూర్‌లో పదిహేనేళ్లుగా శాశ్వత నివాసం ఉండి వ్యాపారం నడుపుతున్నా, చేతిలో భారత పాస్‌పోర్టు ఉంటే సింగపూర్ కార్డుకు అర్హత లేదు. పౌరసత్వానికి బదులు శాశ్వత నివాసాన్ని చూసే హాంగ్‌కాంగ్ ఒక్కటే దీనికి మినహాయింపు. వ్యాపారి చేసే వ్యాపారం కన్నా అతని పాస్‌పోర్టు రంగు ఎక్కువగా మాట్లాడే వ్యవస్థ ఇది.

ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు జరగలేదని కాదు. ఆర్‌సీఈపీ వాణిజ్య ఒప్పందం చర్చల్లో భారత్ అపెక్ తరహా వ్యాపార ప్రయాణ కార్డును ప్రతిపాదించింది. 2019 నవంబరులో బ్యాంకాక్‌లో ఆ ఒప్పందం నుంచి భారత్ తప్పుకోవడంతో ఆ ప్రతిపాదన కూడా వెనకబడింది. సుంకాల విషయంలో దేశీయ రైతును, చిన్న పరిశ్రమను కాపాడవలసిన అవసరం ఉందన్న వాదనకు విలువ ఉంది. కాని ప్రయాణ కార్డుకు సుంకాలతో పని లేదు, ఒకటి పోతే రెండవదీ పోవాలన్న నియమమూ లేదు. వేరే దారిలో కొంత సాధ్యమైంది. 2024 ఏప్రిల్‌లో ఐరోపా సంఘం భారతీయులకు షెంజెన్ వీసా నియమాలు సడలించి, వీసాను సక్రమంగా వాడుకున్నవారికి మొదట రెండేళ్ల, తరువాత ఐదేళ్ల బహుళ ప్రవేశ వీసా ఇచ్చే పద్ధతి తెచ్చింది; అమెరికా పదేళ్ల వ్యాపార వీసా చాలాకాలంగా ఉన్నదే. దీర్ఘకాలిక వీసా ఒక రకంగా కార్డు పనే చేస్తుంది, ఒక్కో దేశానికి ఒక్కోసారి అడగవలసి రావడమే తేడా.

ఈ సౌకర్యాలన్నీ ఇప్పటికే నిలదొక్కుకున్నవారికే చేరుతున్నాయన్న విమర్శ న్యాయమైనది. పదిసార్లు విదేశం వెళ్లివచ్చినవాడికి పదకొండోసారి సులభం. మొదటిసారి వెళ్లవలసిన నర్సాపురం లేసు ఎగుమతిదారుకో, పోచంపల్లి చేనేత సహకార సంఘం ప్రతినిధికో ఏ కార్డూ తోడు రాదు, అసలు కష్టమంతా ఆ మొదటి ప్రయాణంలోనే ఉంటుంది. ఏటీఏ కార్నేలో వాణిజ్య మండలి సరుకుకు పూచీ పడినట్లే, నమోదైన ఎగుమతి సంఘాలు తమ సభ్యులకు పూచీ పడి, తప్పు జరిగితే జవాబుదారీ వహించే ఏర్పాటు ఉంటే చిన్న వర్తకుడికి మొదటిసారే తలుపు తెరుచుకునే అవకాశం ఉంటుంది. దానికి కావలసిన పునాదులు కొన్ని ఇప్పటికే పడ్డాయి. ఇ-గేటు పథకంలో నమోదైన ప్రతి ఒక్కరి వేలిముద్రలు, ముఖచిత్రం, నేపథ్య విచారణ భారత ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. గ్లోబల్ ఎంట్రీ విషయంలో 2017 నుంచి అమెరికా ఆ ప్రభుత్వ విచారణకు చోటు ఇస్తూనే ఉంది. మిర్చి, రొయ్యలు కొనే ఆసియా రాజధానుల్లో ఒక్కదానితోనైనా, ఆ విచారణను వీసాకు ఆధారంగా అంగీకరించమని అడిగే ద్వైపాక్షిక సంప్రదింపులు ఇక మొదలు కావలసి ఉంది.